విదేశీ యాత్రకు బీమా: చీరను చూసినట్లే పత్రాన్నీ విప్పి చూడాలి

బెంగళూరు నడిబొడ్డున ఉన్న చిక్కపేట సరిహద్దు పల్లెల తెలుగు కుటుంబాలకు కొత్త చోటు కాదు. మదనపల్లె, పలమనేరు, కుప్పం, హిందూపురం, ముళబాగిలు, బాగేపల్లి, హొసూరు ప్రాంతాల వారు పెళ్ళి పట్టుచీరల కోసం తరతరాలుగా అక్కడికి వెళుతూనే ఉన్నారు. 2017 జూన్‌లో ఆ పేటకు మెట్రో రైలు వచ్చాక రాకపోకలు మరింత సులువయ్యాయి. ఇప్పుడు ఆ కొనుగోళ్ళకు మరో కారణం కూడా తోడయింది. అమెరికాలోని కొడుకు ఇంటికో, లండనులోని కూతురి పురిటికో, కువైట్‌లో కొలువుకో బయలుదేరేవారు దేవనహళ్ళి విమానాశ్రయం చేరేముందు చిక్కపేటలో చీరలు, ఆ చుట్టుపక్కల వీధుల్లో పెట్టెలు కొనుక్కుంటున్నారు.

చీర కొనేటప్పుడు మన ఆడవారు చూపే శ్రద్ధ అందరికీ తెలిసినదే. మడత విప్పిస్తారు, కొంగు చూస్తారు, అంచు తిప్పి జరీ పరీక్షిస్తారు, వెలుతురులో పట్టుకొని నేత గమనిస్తారు. అదే కుటుంబం టికెట్టుతోపాటు ఏజెంటు ఇచ్చిన ప్రయాణ బీమా పత్రాన్ని మాత్రం మడత విప్పకుండానే సంచిలో పెట్టుకుంటుంది. చీరలో లోపముంటే నష్టం వేలల్లో ఉంటుంది. బీమాలో లోపముంటే నష్టం ఎకరాల్లో ఉంటుంది. అందుచేత ఈ పత్రంలో ఏమేమి చూడాలో తెలుసుకోవడం అవసరం.

ఇంటి కార్డులు అక్కడ చెల్లవు

ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు ఆరోగ్యశ్రీగా పేరుపొంది, 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా మారిన పథకం గానీ, ఆయుష్మాన్ భారత్ కార్డు గానీ దేశం దాటితే పనిచేయవు. మన దేశంలో కొనుక్కున్న సాధారణ ఆరోగ్య బీమా పాలసీలలో కూడా ఎక్కువ భాగం విదేశీ చికిత్సకు వర్తించవు.

అమెరికాలో అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని, డబ్బు లేదన్న కారణంతో పరీక్షించకుండా తిప్పి పంపరాదని 1986 నాటి చట్టం చెబుతోంది. అయితే ఆ చికిత్స ఉచితమని దాని అర్థం కాదు. బిల్లు తరువాత ఇంటికి వస్తుంది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రి ప్రమాద విభాగంలో చేసే చికిత్సకు రుసుము లేదు. కానీ లోపల చేర్చుకుంటే, మన దేశం నుంచి చుట్టపుచూపుగా వెళ్ళినవారి నుంచి ప్రభుత్వం నిర్ణయించిన ధరకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు.

కొన్ని దేశాలు బీమా లేనిదే అనుమతే ఇవ్వవు. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ వంటి 29 ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. అది అక్కడ ఉండే రోజులన్నింటికీ, ఆ దేశాలన్నింటికీ వర్తించాలి. కెనడాలో స్థిరపడిన పిల్లల వద్ద ఎక్కువ కాలం ఉండేందుకు తల్లిదండ్రులకు ఇచ్చే సూపర్ వీసాకు కనీసం 1,00,000 కెనడా డాలర్ల బీమా, ఏడాది గడువుతో కావాలి. అమెరికా సందర్శక వీసాకు ఇటువంటి నిబంధన లేదు. అందువల్లనే అక్కడికి వెళ్ళేవారు బీమాను చివరి నిమిషానికి వదిలేస్తుంటారు. వైద్యం అత్యంత ఖరీదైన దేశానికే బీమా నిర్బంధం లేకపోవడం గమనించదగిన విషయం.

పెద్ద అంకె కాదు, లోపలి పరిమితి చూడాలి

పాలసీ మొదటి పుటలో 50,000 డాలర్లు, 1,00,000 డాలర్లు, 5,00,000 డాలర్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. చాలామంది ఆ అంకెను, ప్రీమియాన్ని మాత్రమే పోల్చి నిర్ణయానికి వస్తారు. అసలు విషయం లోపలి పుటల్లో ఉంటుంది. అరవై ఏళ్ళు దాటినవారి విషయంలో ఒక్కొక్క జబ్బుకు ఇంత, గదికి ఇంత, శస్త్రచికిత్సకు ఇంత అని విడివిడిగా పరిమితులు పెట్టే పాలసీలు ఉన్నాయి.

ఒక లెక్క చూద్దాం. ఒక పెద్దాయన వద్ద 1,00,000 డాలర్ల పాలసీ ఉందనీ, అందులో ఒక జబ్బుకు 15,000 డాలర్లే పరిమితి అనీ అనుకుందాం. ఆసుపత్రి బిల్లు 40,000 డాలర్లు అయింది. బీమా సంస్థ ఇచ్చేది 15,000 మించదు. మిగిలిన 25,000 డాలర్లు కుటుంబం కట్టాలి. డాలరుకు 80 రూపాయలే అనుకున్నా అది 20 లక్షల రూపాయలు. మరొకరి వద్ద 50,000 డాలర్ల పాలసీయే ఉంది. కానీ లోపలి పరిమితులు లేవు. అదే బిల్లుకు ఆయన తన వంతుగా మొదటి 100 డాలర్లు కట్టి, మిగిలిన 39,900 డాలర్లు బీమా నుంచి పొందుతాడు. మొదటి పుటలో చిన్న అంకె ఉన్న పాలసీయే ఇక్కడ కుటుంబాన్ని కాపాడింది.

ఇలా ప్రతి ఖర్చులో ముందుగా మనం భరించవలసిన సొమ్మును డిడక్టిబుల్ అంటారు. అది ఎక్కువైతే ప్రీమియం తగ్గుతుంది. 100 డాలర్ల డిడక్టిబుల్ పెద్ద భారం కాదు. అది వేలల్లో ఉంటే మాత్రం ఆలోచించవలసి ఉంటుంది.

బీపీ, షుగరు దాచరాదు

బీమా దరఖాస్తులో ఇప్పటికే ఉన్న జబ్బుల గురించి అడుగుతారు. ‘చెబితే ప్రీమియం పెరుగుతుంది, లేదని రాసేయండి’ అని సలహా ఇచ్చేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. ఇది మేలు కోరే మాటలా వినిపించినా, కొంప ముంచే మాట. ఆసుపత్రిలో చేరిన వెంటనే వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న, రోజూ ఏ మందులు వాడుతున్నారని. ఆ సమాధానం కేసు షీటులోకి ఎక్కుతుంది. దరఖాస్తులో లేదన్నది కేసు షీటులో ఉన్నదని తేలితే, పరిహారం నిరాకరించడానికి సంస్థకు అదే ఆధారమవుతుంది.

నిజం చెప్పినంత మాత్రాన అన్నీ వర్తిస్తాయని కూడా అనుకోరాదు. చాలా పాలసీలు పాత జబ్బుకు మామూలు చికిత్సను మినహాయిస్తాయి. కొన్ని మాత్రం ప్రాణాపాయం ఏర్పడినప్పుడు, ఒక పరిమితి వరకు చెల్లిస్తాయి. కాబట్టి గుండెజబ్బు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏజెంటును అడగవలసిన సూటి ప్రశ్న ఇది: ‘ఈ జబ్బు కారణంగా అక్కడ ప్రాణం మీదికి వస్తే ఎంతవరకు ఇస్తారు? అది ఏ పుటలో రాసి ఉంది?’ నోటిమాటగా ఇచ్చిన హామీకి విలువ లేదు. పత్రంలో ఉన్నదే లెక్క.

గడువు తిరుగు టికెట్టుతో ముగియరాదు

2020 మార్చి చివరి వారంలో కరోనా కారణంగా భారతదేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. విదేశాల్లో చిక్కుకున్న వారిని తీసుకువచ్చే వందే భారత్ మిషన్ మే 7న మొదలైంది. మామూలు విమాన సర్వీసులు పూర్తిగా తిరిగి మొదలైనది 2022 మార్చి 27న. పిల్లల వద్దకు వెళ్ళిన తల్లిదండ్రులు ఎందరో అనుకున్న తేదీకి తిరిగి రాలేకపోయారు. తిరుగు ప్రయాణపు తేదీ వరకే బీమా తీసుకున్నవారికి, ఆ రోగభయం మధ్యనే గడువు దాటిపోయే పరిస్థితి ఎదురైంది.

దీని నుంచి నేర్వవలసినవి రెండు. బీమాను తిరుగు తేదీకి కొన్ని రోజులు అదనంగా తీసుకోవడం మంచిది. గడువు పొడిగించే వీలు ఉందో లేదో బయలుదేరే ముందే తెలుసుకోవాలి. పొడిగింపు కోరవలసింది సాధారణంగా గడువు ముగియకముందే. ముగిసిన తరువాత అడిగితే ఉపయోగం లేదు.

యుద్ధం విషయమూ గమనించాలి. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొంతసేపు మూసివేసినప్పుడు దోహా మీదుగా వెళ్ళే ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. యుద్ధం వల్ల కలిగే నష్టాలను చాలా పాలసీలు మినహాయిస్తాయి. గల్ఫ్ విమానాశ్రయాల్లో విమానం మారేవారు ఈ షరతును ముందే చదువుకోవాలి.

కొలువుకు వెళ్ళేవారి బీమా వేరు

యాత్రికుల కోసం చేసిన బీమా కూలికి, ఇంటిపనికి, డ్రైవరు పనికి వెళ్ళేవారికి సరిపోదు. పని చేస్తుండగా జరిగే ప్రమాదాలను అటువంటి పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. వలస కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజనను ప్రారంభించింది. పదో తరగతి ఉత్తీర్ణులు కాక, పాస్‌పోర్టుపై వలస అనుమతి అవసరమన్న ఈసీఆర్ గుర్తింపు ఉన్నవారు గల్ఫ్ దేశాలు, మలేషియా వంటి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ఈ బీమా తప్పనిసరి.

2017లో సవరించిన ఈ పథకం కింద రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు ప్రీమియంగా నిర్ణయించారు. పన్నులు అదనం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు అందుతాయి. భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా ఇందులో ఉంటుంది. యజమాని మారినా బీమా కొనసాగుతుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు నివసించే భవనంలో మంటలు చెలరేగి 45 మంది భారతీయులు మరణించారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. ప్రమాదం పనిచోటనే కాక, నిద్రించే గదిలో కూడా రావచ్చునని ఆ సంఘటన చూపింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొందరు దళారులు విజిట్ వీసా మీద పంపి, అక్కడ పని ఇప్పిస్తామంటారు. అలా వెళ్ళినవారు వలస అనుమతి పొందరు కనుక, ఈ బీమా రక్షణ కూడా వారికి ఉండదు. దళారి మిగిల్చానని చెప్పే కొద్ది సొమ్ముకు 10 లక్షల రక్షణను వదులుకోవడమే అవుతుంది.

పెట్టె పోతే

చిక్కపేటలో కొన్న చీరలు పెట్టెతోపాటు దారిలో తప్పిపోతే బీమా ఆదుకుంటుందని చాలామంది నమ్మకం. నగలు, నగదు, విలువైన వస్తువులకు చాలా పాలసీలు పరిహారం ఇవ్వవు. మరోవైపు, బీమా లేకున్నా విమాన సంస్థకు బాధ్యత ఉంది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో భారతదేశం 2009లో చేరింది. దాని ప్రకారం సామాను దెబ్బతింటే ఏడు రోజుల్లోగా, ఆలస్యంగా అందితే అందిన నాటి నుంచి 21 రోజుల్లోగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పెట్టె రాలేదని తెలియగానే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి నకలు తీసుకోవాలి. కనుక సామాను పరిహారం ఎక్కువని ఒక పాలసీని ఎంచుకోవడం తెలివైన పని కాదు. వైద్య ఖర్చే ముఖ్యం.

ఆపద వచ్చినప్పుడు, నిరాకరించినప్పుడు

పాలసీ మీద ఉన్న సహాయ కేంద్రం ఫోను నంబరును ప్రయాణికుడి వద్ద, అక్కడి పిల్లల వద్ద, ఇక్కడి ఇంటి గోడ మీద కూడా ఉంచాలి. ఆసుపత్రిలో చేరగానే ఆ నంబరుకు తెలియజేయాలి. ఆలస్యమైతే చిక్కులు వస్తాయి. ప్రతి బిల్లు, వైద్యుని చీటీ, మందుల రసీదు భద్రపరచాలి.

సంస్థ అన్యాయంగా నిరాకరించిందని భావిస్తే ముందు ఆ సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు హైదరాబాదులోను, కర్ణాటకకు బెంగళూరులోను, తమిళనాడుకు చెన్నైలోను ఈ కార్యాలయాలు ఉన్నాయి. ఫిర్యాదుదారు నివాసాన్ని బట్టి గానీ, బీమా సంస్థ శాఖ ఉన్న చోటును బట్టి గానీ ఫిర్యాదు ఇవ్వవచ్చు. అంటే బెంగళూరు శాఖలో పాలసీ తీసుకున్న కుప్పం వాసి హైదరాబాదు దాకా వెళ్ళనవసరం లేదు. బీమా నియంత్రణ సంస్థ ఉచిత ఫోను నంబరు 155255.

కొనేముందు అడగవలసిన ప్రశ్నలు

1. ప్రయాణికుని వయసుకు, జబ్బుకు ఈ పాలసీ వర్తిస్తుందా?
2. ఒక జబ్బుకు, గదికి, శస్త్రచికిత్సకు లోపలి పరిమితులు ఉన్నాయా?
3. డిడక్టిబుల్ ఎంత?
4. ఆసుపత్రికి సంస్థే నేరుగా చెల్లిస్తుందా, మనం కట్టి తరువాత తెచ్చుకోవాలా?
5. గడువు పొడిగించవచ్చా? ఎన్ని రోజుల ముందు అడగాలి?
6. మరణం సంభవిస్తే భౌతికకాయం ఇంటికి చేర్చే ఖర్చు ఇస్తారా?
7. మినహాయింపుల జాబితా ఏ పుటలో ఉంది?

పత్రం ఇంగ్లీషులో ఉందని వెనుకాడనవసరం లేదు. ఇంట్లో కళాశాలకు వెళ్ళే పిల్లల చేత గానీ, ఊరి ఉపాధ్యాయుని చేత గానీ మినహాయింపుల పుటను చదివించుకోవచ్చు. అరగంట పని. ప్రయాణికునికి రాగల ఆపద ఏదో ఇంటివారికి తెలుసు. ఆ ఆపద మినహాయింపుల జాబితాలో లేకపోతే అదే సరైన బీమా. ఉంటే, ప్రీమియం ఎంత చౌకైనా అది తీసుకోదగినది కాదు.