మత్తునిద్రలో దేహోష్ణము

వేసవిలో పాలమూరు, నల్లగొండ మెట్టభూములు నిప్పులు చెరుగుచుండును. ఎండ 40 డిగ్రీలు దాటుట కలదు. అట్టి దినములందు కూడ శస్త్రచికిత్స పొందు రోగి దేహము చల్లబడవచ్చుననిన వింతగా తోచును. కాని అది నిజము.

మన దేహాంతర్భాగపు ఉష్ణోగ్రత ఋతువులతో మారదు. అది ఇంచుమించు 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిచియుండును. మెదడులోని హైపోథలమస్ అను చిన్న భాగమే ఇందుకు కావలి. చలి సోకగానే అది చర్మమునందలి రక్తనాళములను ముడుచుకొనజేయును. అది చాలనిచో వణకు పుట్టించి, కండరములచేత వేడిని కలిగించును.

దేహమంతటికి మత్తు ఇచ్చినపుడు ఈ కావలివాడును మత్తులో పడును. వణకు రాదు. రక్తనాళములు విప్పారును. లోపలి వేడి రక్తముతోపాటు కాలుసేతులకు తరలిపోవును. అందువలన మొదటి గంటలోనే దేహాంతర్భాగము ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు చల్లబడవచ్చును. గదిలోని చల్లగాలి, తెరచిన గాయము, చల్లని సెలైను ఆ వేడిని ఇంకను హరించును.

36 డిగ్రీలకు దిగువకు పోయినచో ప్రమాదములు కలవు. రక్తము త్వరగా గడ్డకట్టదు. మత్తు ఆలస్యముగా వీడును. గాయము చీముపట్టు అవకాశము హెచ్చును. పెద్దప్రేగు శస్త్రచికిత్స పొందిన 200 మందిని పరిశీలించిన ఒక పరిశోధన 1996లో వెలువడినది. వెచ్చగా ఉంచినవారిలో నూటికి 6గురికి, ఇతరులలో నూటికి 19 మందికి గాయము చెడినది. వారి దేహోష్ణములలోని భేదము సుమారు రెండు డిగ్రీలు మాత్రమే!

గొర్రెలకాపరి చలిరాత్రి గొంగడి కప్పుకొనును. గొంగడి వేడిని పుట్టించదు; దేహము పుట్టించిన వేడిని నిలుపును. మత్తులో ఆ వేడి పుట్టుటయే తగ్గును గనుక కప్పు మాత్రము చాలదు. కావున సన్నని రంధ్రములుగల దుప్పటిలోనికి యంత్రముతో వెచ్చని గాలిని పంపుదురు. ఎక్కించు ద్రవములను, రక్తమును వెచ్చజేయుదురు. మత్తునకు ముందే అరగంటసేపు కాలుసేతులను వెచ్చబరచినచో లోపలి వేడి అంతగా తరలిపోదు.

మత్తులోని రోగిని ఎట్లు కాచుకొనవలెనను విచారణ మన ప్రాంతమున పూర్వమే జరిగినది. మహబూబ్‌నగర్ పేరునకు కారకుడైన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలమున, 1888, 1889 సంవత్సరములలో, హైదరాబాదున రెండు క్లోరోఫాం విచారణ సంఘములు పనిచేసెను. వాటిని నడిపిన ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు, నాడికంటె శ్వాసనే కనిపెట్టవలెనని నొక్కిచెప్పెను. నేటి వైద్యులు శ్వాసను, నాడిని, రక్తమునందలి ప్రాణవాయువును, వాటితోపాటు ఉష్ణోగ్రతను కూడ గమనించుదురు. మత్తులోని రోగి "చలిగా నున్నది" అని చెప్పలేడు. అతని మారుగా ఆ మాట చెప్పునది ఉష్ణమాపకమే.