మ్యాచ్ మొత్తం... మూడు నిమిషాల్లో!

బంతి బౌండరీ దాటిన కొద్ది సెకన్లకే రీప్లే. ఇన్నింగ్స్ ముగిసీ ముగియగానే హైలైట్స్. ఆట ఒక్క క్షణం కూడా ఆగదు కదా... మరి ఇవన్నీ ఎప్పుడు తయారవుతాయి?

స్టేడియం బయట నిలిపి ఉంచే ఓబీ వ్యానులో! అక్కడ కూర్చునే రీప్లే ఆపరేటర్‌కు మైదానం కనిపించదు. ఎదురుగా వరసగా తెరలు, చేతి కింద ఒక చక్రం, ఒక లీవరు, కొన్ని మీటలు... అంతే. చక్రం తిప్పితే దృశ్యం ముందుకూ వెనక్కూ కదులుతుంది. లీవరు జరిపితే వేగం మారుతుంది. ఓ పక్క రీప్లే వేస్తున్నా సర్వర్‌లో రికార్డింగ్ మాత్రం సాగుతూనే ఉంటుంది.

దండ గుచ్చినట్టే...

వికెట్, సిక్సర్, క్యాచ్... ముఖ్యమైన ప్రతి ఘట్టాన్నీ ఆపరేటర్ అప్పటికప్పుడు క్లిప్‌గా గుర్తుపెట్టుకుంటాడు. వాటిని పూలదండలా గుచ్చితే ప్లేలిస్ట్. ఏ క్లిప్ తర్వాత ఏది రావాలి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, ఎంత వేగంతో నడవాలి అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. జాబితాలోంచి తీసేసినా అసలు దృశ్యం ఎక్కడికీ పోదు. అందుకే క్షణాల్లో వరస మార్చేయొచ్చు.

అసలు కష్టం మీటలు నొక్కడంలో లేదు. పది పరుగుల దగ్గర ఒకరి క్యాచ్ జారిపోయిందనుకోండి. అప్పటికి అది చిన్న విషయమే. ఆ బ్యాట్స్‌మనే సెంచరీ కొడితే? మ్యాచ్‌ను మలుపు తిప్పింది ఆ క్యాచే! వెంటనే దాన్ని తెచ్చి ప్లేలిస్ట్‌లో ముందు చేర్చాలి. అప్పుడే గుర్తుపెట్టుకోకపోతే గంటల రికార్డింగ్‌లో వెతుక్కోవాలి. అంత వ్యవధి ఉండదు. ప్రేక్షకుల కేక సగంలో తెగకుండా చూసుకోవడం మరో పని. అందుకే క్లిప్‌కు అటూఇటూ కాస్త అదనంగా ఉంచుతారు.

తొలి రీప్లే తిప్పలు

1963 డిసెంబరు 7న అమెరికాలో ఆర్మీ, నేవీ జట్ల మధ్య జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో సీబీఎస్ దర్శకుడు టోనీ వెర్నా తొలిసారి ఇన్‌స్టంట్ రీప్లే వేశారు. ఆ యంత్రం బరువు ఐదొందల కిలోలకు పైనే. వాడగలిగింది ఆ ఒక్కసారే! ఆర్మీ మళ్లీ స్కోరు చేయలేదని కామెంటేటర్ ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు రీప్లేకు ముందూ వెనకా తెరమీద దూసుకెళ్లే లోగో చేసే పని అదే.

1967లో వచ్చిన ఆంపెక్స్ డిస్క్ యంత్రం 30 సెకన్ల దృశ్యాన్ని దాచుకోగలిగేది. 1994లో బెల్జియంలో పుట్టిన ఈవీఎస్ సంస్థ హార్డ్‌డిస్క్ సర్వర్లతో ఈ రంగంలో పెద్ద పేరు తెచ్చుకుంది. మామూలు కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీస్తే, సూపర్ స్లోమోషన్ కెమెరా 75 తీస్తుంది. బ్యాటు అంచుకు బంతి రాసుకోవడం కూడా తెలిసిపోతుంది మరి. 1992లో డర్బన్ టెస్టులో టీవీ రీప్లే చూసి థర్డ్ అంపైర్ అవుటిచ్చిన తొలి ఆటగాడు మన సచినే!

మ్యాచ్ చూడలేకపోయినవాళ్లకు ఆ మూడు నిమిషాలే మ్యాచ్. ఓపికగా ఆడిన ఇరవై పరుగులు, బౌండరీ దగ్గర ఆపిన రెండు పరుగులు అందులో లేకపోతే... అసలు జరగనట్టే. ఈసారి హైలైట్స్ వస్తున్నప్పుడు ఏం చూపించారనే కాదు, ఏం వదిలేశారో కూడా ఇంటిల్లిపాదీ గుర్తుచేసుకుని చూడండి!