వంశధార ఒడ్డున పర్లాకిమిడి సీమ

పర్లాకిమిడి పేరు వినని తెలుగు కుటుంబం మన ప్రాంతంలో అరుదు. ఒకరికి అది పుట్టిల్లు, ఒకరికి మేనత్తగారి ఊరు, ఇంకొకరికి తాతగారు చదువుకొన్న ఊరు. అయినా ఆ సీమ ఎట్లా ఏర్పడింది, ఎట్లా రెండు ముక్కలయింది అని పిల్లలు అడిగితే మనలో చాలామందిమి తెల్లమొగం వేస్తాము. అందుచేత ఈ నెల ఆ కథ కొంత చెప్పుకొందాము.

ముందు ఏటితో మొదలుపెట్టాలి. వంశధార ఒడిషా కొండలలో పుట్టి, గుణుపూరు మీదుగా దిగి, శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మహేంద్రగిరి వైపు కొండలనుంచి వచ్చే మహేంద్రతనయ పర్లాకిమిడి పక్కగా పారి వంశధారను చేరుకొంటుంది. ఈ ఏళ్ల వెంట ఉన్న పల్లపు భూములూ, వాటి పైనున్న మన్యపు కొండలూ కలిసినదే పర్లాకిమిడి సీమ. కింద వరి పండించే తెలుగు, ఒరియా రైతులు. పైన కొండపోడు చేసుకొనే సవరలు.

వంశధార గట్టునే ముఖలింగం ఉన్నది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. పర్లాకిమిడి గజపతులు తాము ఆ గాంగుల వంశీకులమని చెప్పుకొన్నారు. కొండదారులు కాపాడటానికి వారు బిస్సోయీలనే ముఠాదారులను నిలిపారు. పైవాడు రాజుకు కట్టవలసినదీ, నడిమివాడు తినవలసినదీ చివరకు సవర భుజాలమీదనే పడేది. 1766లో ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కిన తరువాత కూడా ఈ కొండలు సులభంగా లొంగలేదు. 1832లో అల్లర్లు అణచడానికి రస్సెల్ దొరను ప్రత్యేకంగా పంపారు. 1839లో మన్యాన్ని మామూలు కోర్టులనుంచి తప్పించి ఏజెన్సీగా చేశారు. పల్లపు రైతు సంగతి చూస్తే, జమీందారు కట్టవలసిన పేష్కషును స్థిరపరచే చట్టం 1802లోనే వచ్చింది గాని, రైతు సాగుహక్కును గట్టిపరచిన ఎస్టేట్సు లాండు యాక్టు 1908 దాకా రాలేదు.

ఈ సీమలో ఊళ్లు ఎట్లా పుట్టాయో ఊరి పేర్లే చెబుతాయి. పండితులకు దానమిచ్చిన భూమి అగ్రహారమయింది. అంగడి పెరిగినచోట పేట వెలసింది. బతుకుతెరువు వెతుక్కొంటూ వచ్చి నలుగురు గుడిసెలు వేసుకొన్నచోటికి వలస అని పేరు నిలిచింది. శ్రీకాకుళం వైపు వలస అని ముగిసే ఊళ్లు ఎన్ని ఉన్నాయో మన పెద్దలకు తెలుసు. అంటే వలస వచ్చినవారు మనమొక్కరమే కాదు. మన ఊళ్లే వలసలు!

1900లో రాజావారు నౌపడానుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు. పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులే. 1931 నాటికి అది గుణుపూరు దాకా సాగింది. 2004లో ఆ బుల్లి బండి ఆగిపోయి, తరువాత కొన్నేళ్లకు పెద్దలైను వచ్చింది. చిన్న రైలు ఎక్కిన జ్ఞాపకం ఉన్నవారు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు.

ఇక గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోక ఈ కథ పూర్తికాదు. 1863 ఆగస్టు 29న ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. సంతకు దిగివచ్చే సవరల మాట ఎవరికీ పట్టని రోజులలో, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట పెట్టుకొని ఆ భాష నేర్చారు. వారి పిల్లలకు బడులు పెట్టించారు, వాచకాలు రాశారు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర భాషా గ్రంథాన్ని అచ్చువేసింది. వాడుక తెలుగుకోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసినదే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్నమూ, మన్యమూ, జమీందారీలో కొంత భాగమూ అటు వెళ్లాయి. పాతపట్నం వైపు గ్రామాలు మద్రాసులో మిగిలాయి. కృష్ణచంద్ర గజపతివారు రౌండు టేబులు సమావేశానికి వెళ్లి ఒరియా రాష్ట్రంకోసం వాదించినవారు. 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని అయ్యారు. రామమూర్తిగారు పర్లాకిమిడి అటు చేరరాదన్నవారు. ఇద్దరిదీ స్వభాషాభిమానమే. డెబ్బది దాటిన వయసులో పంతులుగారు అర్ధశతాబ్దం కాపురమున్న ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

అందరూ ఆయనవలె వెళ్లలేదు. పొలం, వ్యాపారం, ఉద్యోగం, పెద్దల సమాధులు ఉన్నవారు ఎక్కడికి పోతారు? ఉన్నచోటనే ఉన్నారు. ఒకే జమీందారీని ఇవతల మద్రాసువారి 1948 చట్టమూ, అవతల ఒరిస్సావారి 1951 చట్టమూ వేర్వేరుగా రద్దుచేశాయి. వంశధార నీటిని సైతం 1962లో రెండు రాష్ట్రాలు సగం సగమని ఒప్పుకొన్నాయి. ఆ తగవు ట్రిబ్యునలుకెక్కి 2017లో తీర్పు వచ్చింది. ఏరు మాత్రం ఎవరినీ అడగకుండా పారుతూనే ఉన్నది. పాతపట్నం పిల్ల పర్లాకిమిడి కోడలవుతూనే ఉన్నది.

గిడుగువారు సవర నేర్చారు గాని తెలుగు వదలలేదు. మనకు కావలసిన పాఠం ఇదే. మన పిల్లలు ఒడియా బాగా చదవాలి. ఉన్న ఊరి భాష రానివాడు ఉన్న ఊరికి పరాయివాడే. కాని తాతగారి ఉత్తరం చదువుకోలేని మనుమడు తన ఇంటికే పరాయివాడవుతాడు కదా! మన పెట్టెలలో పాత పట్టాలు, శిస్తు రసీదులు, శుభలేఖలు చెదలకు ఆహారమవుతున్నాయి. ఈ సెలవులలో వాటిని బయటికి తీసి, పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని, ఇంటిపేరు, మొదటి ఊరు, వచ్చిన సంవత్సరం ఒక పుస్తకంలో రాయించండి. రాసేది పిల్లలచేతనే, తెలుగులోనే రాయించండి. రాజుల చరిత్ర రాయడానికి చాలామంది ఉన్నారు. మన ఊళ్ల చరిత్ర మనం రాసుకోకపోతే రాసేవారు లేరు.