డబ్లిన్‌లో సెకండ్‌హ్యాండ్ రివాల్వర్

డాలస్‌లో ఉన్న మా బావమరిది పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ ఒకటి చవగ్గా కొన్నాడు. "బావా, నువ్వూ ఒకటి తీసుకో" అని ఫోన్లో ఒకటే ఊరింపు. వాడికి గ్రీన్‌కార్డ్ ఉంది లెండి. హెచ్1బీ వాళ్ళకి హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప అక్కడా కుదరదు.

ఆఫీసయ్యాక గ్రాండ్ కెనాల్ డాక్ గట్టున కూర్చుని నేనూ రేట్లు వెతికాను. ఇక్కడ కథ వేరు. 1972లో ఐర్లండ్ ప్రభుత్వం జనం దగ్గరున్న పిస్టళ్ళు, రివాల్వర్లు గార్డాకి (ఇక్కడి పోలీసులు) అప్పగించమంది. 2004లో ఒక కోర్టు కేసు తర్వాత మళ్ళీ లైసెన్సులు ఇచ్చారు. 2009 చట్టంతో ఆ తలుపూ మూసుకుంది: 2008 నవంబరు 19 నాటికి లైసెన్సు లేనివారికి కొత్తగా ఇవ్వరు. ఒలింపిక్ తరహా పోటీలకి చేసిన పాయింట్ 22 పిస్టల్ లాంటివాటికే మినహాయింపు. దానికీ షూటింగ్ క్లబ్బు, ఇంట్లో సేఫు, ఇద్దరి రిఫరెన్సులు కావాలి. ఆత్మరక్షణ కోసం అంటే ఒప్పుకోరు. ఫీజు మాత్రం మూడేళ్ళకి 80 యూరోలే!

తెలిసినాయన ఒకరు "రేటు మంచిది, కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్నారు. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో ఉంటే నేరం. నా పౌరసత్వం దరఖాస్తు పెండింగులో ఉంది, అందులో సత్ప్రవర్తన చూస్తారు. వద్దని ఫోన్ పెట్టేశాను.

బావమరిదికి మాత్రం చెప్పాను: సిలిండర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, హ్యామర్ లాగి, సిలిండర్‌ని అటూ ఇటూ కదిపి చూడు, బాగా ఊగితే రిపేరు ఖర్చు తప్పదు అని.

"కొన్నాక చెప్తున్నావా బావా!" అన్నాడు.