కోటప్పకొండ తిరునాళ్ళలో పోయిన సైకిలు

సైకిలు పోగొట్టుకున్నవాడికి లోకంలో కనిపించిన ప్రతి సైకిలూ తనదే అనిపిస్తుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. 1966లో శివరాత్రి వెళ్ళిన మర్నాడు తెల్లవారుజామున, కోటప్పకొండ కింద ఒక చింతచెట్టు మొదట్లో నిలబడి స్వయంగా తెలుసుకున్నాను.

అప్పుడు నేను నరసరావుపేటలో పి.యు.సి. చదువుతున్నాను. సైకిలు నాది కాదు, మా నాన్నగారిది. ఆయన మా ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న పల్లెలో బడిపంతులు. సాగర్ కాలవ నీళ్ళు ఇంకా రాని రోజులవి. మెట్టపొలంలో పండిన మిరపకాయలు అమ్మిన డబ్బుతో ఆ సైకిలు కొన్నారు. రోజూ బడికి బయలుదేరే ముందు దాన్ని తడిగుడ్డతో తుడిచేవారు. ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. అలాంటిది, "తిరునాళ్ళకు వెళ్ళొస్తాను నాన్నా" అనగానే మారుమాట లేకుండా తాళంచెవి నా చేతిలో పెట్టారు.

పేట నుంచి కొండకు ఏడెనిమిది మైళ్ళు. నేనూ, నా స్నేహితుడూ ఒకరినొకరు ఎక్కించుకుంటూ తొక్కుకుపోయాం. దారిపొడుగునా ఎడ్లబళ్ళు, ప్రభలు, డప్పులు, "చేదుకో కోటయ్యా" అంటూ నడిచే జనం. కొండ దగ్గర తడికెలు కట్టి సైకిలు స్టాండు పెట్టారు. అక్కడివాడు హేండిలుకు ఒక అట్టముక్క కట్టి, అదే నంబరున్న జంటముక్క మన చేతికిస్తాడు. ఖరీదు పది పైసలు.

"ఆ పది పైసలకు బజ్జీలు వస్తాయి కదరా!" అన్నాడు నా స్నేహితుడు.

వాడి లెక్క నాకు నచ్చింది. చింతచెట్టు కింద అప్పటికే ముప్ఫై నలభై సైకిళ్ళున్నాయి. వాటి మధ్య మాదీ నిలబెట్టి, వెనక చక్రానికి తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకుని జనంలో కలిసిపోయాను. బజ్జీలు బాగానే ఉన్నాయి.

రాత్రంతా జాగారం చేసి తిరిగి వచ్చేసరికి సైకిలు లేదు.

కాని ఆ చోటికి రెండడుగుల దూరంలో అచ్చు అలాంటిదే మరొకటి ఉంది. ఇంకా చీకటి పోలేదు. మనదేనేమో, ఎవరైనా పక్కకు జరిపారేమో అన్న ఆశతో తాళంచెవి పెట్టి తిప్పాను. టక్కుమని తాళం ఊడింది! ఆ రోజుల్లో గుర్రపునాడా ఆకారంలో ఉండే ఆ తాళాలకు ఒకదాని చెవి మరొకదానికి పట్టడం పెద్ద వింత కాదు.

"ఎక్కరా! ఎవడో మనది తీసుకుపోయి వాడిది వదిలేశాడు. లెక్క సరిపోయింది" అన్నాడు స్నేహితుడు.

ఎక్కాను. దాచడమెందుకు, నలభై గజాలు తొక్కాను కూడా. అప్పుడు మోకాలికి ఏదో తగిలింది. తడిమి చూస్తే, ముందు గొట్టం మీద చిన్నపిల్లలను కూర్చోబెట్టే బుల్లిసీటు. ఎవరో ఒక తండ్రి, భుజం మీద నిద్రపోతున్న పిల్లవాడితో ఆ చెట్టు కిందికి వచ్చి నిలబడినట్టు నా కళ్ళకు కట్టింది. దిగి, సైకిలు యథాస్థానంలో పెట్టి, తాళం వేశాను. స్నేహితుడు పేట చేరేదాకా నన్ను తిడుతూనే ఉన్నాడు. నడిచే కదా వెళ్ళాలి మరి!

చాలా ఏళ్ళ తరవాత 'బైసికిల్ థీవ్స్' అనే ఇటలీ సినిమా చూశాను. విట్టోరియో డిసికా 1948లో తీసిన చిత్రం అది. బతుకుతెరువైన సైకిలు పోగొట్టుకున్న ఒక తండ్రి, వెతికి వేసారి, చివరికి తానే మరొకరి సైకిలు ఎత్తుకుపోబోయి, కన్నకొడుకు చూస్తుండగా పట్టుబడతాడు. హాల్లో అందరూ ఆ తండ్రిని చూస్తున్నారు. నేను మాత్రం ఆ నలభై గజాలు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక నాన్నగారు అడిగినవి రెండే ప్రశ్నలు.

"తాళం వేశావా?"

"వేశాను నాన్నా."

"దేనికి వేశావు?"

"చక్రానికి."

"చక్రానికి వేస్తే చక్రం తిరగదు. మోసుకుపోయేవాడికి చక్రం తిరగక్కరలేదుగా" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది. సోమవారం నుంచి బడికి రానూ పోనూ ఎనిమిది మైళ్ళు నడిచారు. మళ్ళీ మిరపపంట చేతికొచ్చేదాకా నడుస్తూనే ఉన్నారు.

పోలీసుస్టేషనుకు కూడా వెళ్ళాం. అక్కడి రైటరు మర్యాదగానే కూర్చోబెట్టి, "నంబరెంత?" అన్నాడు. నాన్నగారూ నేనూ మొహాలు చూసుకున్నాం. కొన్న రసీదు ఎప్పుడో పోయింది. "పోనీ, రంగు?" అన్నాడు. "నలుపు" అన్నాను. ఆయన కలం కింద పెట్టి, "నల్లనివి కానివి ఈ తాలూకాలో ఎన్ని ఉంటాయి బాబూ?" అన్నాడు.

ఈ రహస్యం విప్పి చెప్పినవాడు పేటలో అద్దె సైకిళ్ళ షాపు సాయిబు. "నా దగ్గర పాతిక బళ్ళున్నాయి. తిరునాళ్ళకు అన్నీ వెళతాయి, అన్నీ వస్తాయి. ఎందుకో తెలుసా?" అని ఒకదాన్ని చూపించాడు. చిలకపచ్చ రంగు. మడ్‌గార్డు మీద, చైను కేసు మీద, సీటు కింద, అన్నిచోట్లా షాపు పేరూ నంబరూ. చూడ్డానికి పరమ వికారంగా ఉంది. "దొంగకు తాళమంటే భయం లేదు బాబూ. గుర్తుపడతారని భయం. మీది అందమైన సైకిలు. అందుకే పోయింది."

అరవై ఏళ్ళ తరవాత కూడా ఇంతకంటే గట్టి మాట నేను వినలేదు. ఊళ్ళో మన సైకిలు ఎవరైనా తీస్తే ఎదురింటివాళ్ళు "ఎవరయ్యా నువ్వు?" అంటారు. తిరునాళ్ళలో ఎవరి సైకిలు ఎవరిదో ఎవరికీ తెలియదు. దొంగ కూడా మనలాగే తాపీగా వచ్చి, తనదే అన్నట్టు తీసుకుపోతాడు. పైగా ప్రభ వచ్చినప్పుడు జనమంతా పైకి చూస్తారు. అతగాడొక్కడే కిందికి చూస్తాడు.

మొన్న శివరాత్రికి మా మనవడు గేర్ల సైకిలు మీద కొండకు వెళతానన్నాడు. వాణ్ణి వద్దనలేదు. నేను నేర్చిన పాఠాలు మాత్రం వాడికి అప్పజెప్పాను. మీకూ చెబుతాను, పనికొస్తే పాటించండి.

మొదటిది నంబరు. ప్రతి సైకిలుకూ ఫ్రేము మీద ఒక నంబరు అచ్చుగుద్ది ఉంటుంది. మామూలుగా పెడళ్ళ ఇరుసు అడుగున గాని, సీటు గొట్టం మీద గాని కనిపిస్తుంది. సైకిలు బోర్లా తిప్పి, మట్టి తుడిచి, ఆ నంబరు రాసుకోండి. దానికీ, సైకిలుకీ, రసీదుకీ ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆ రోజుల్లో పురపాలక సంఘాలు సైకిళ్ళకు లైసెన్సు బిళ్ళలిచ్చేవి. అవి పోయాయి గనక, ఈ నంబరే మన బిళ్ళ అనుకోవాలి.

రెండోది తాళం. చక్రానికి వేసే తాళం కొట్టుముందు ఐదు నిమిషాలు ఆగడానికి సరిపోతుంది. తిరునాళ్ళకు చాలదు. సన్నని తీగతాళాలను చేతి కట్టరు తేలిగ్గా కొరికేస్తుంది. గట్టి ఉక్కు గొలుసుగాని, యూ ఆకారపు తాళంగాని నయం. దాన్ని ఫ్రేములోంచి పోనిచ్చి, కదలని వస్తువుకు వేయాలి. చక్రానికి మాత్రమే వేస్తే, ఈ కాలపు సైకిళ్ళకు చక్రాలు చేత్తోనే ఊడివస్తాయి. తిరిగి వచ్చేసరికి స్తంభానికి చక్రం ఒక్కటే మిగులుతుంది! స్తంభం పొట్టిదైతే తాళంతో సహా సైకిలును పైనుంచి ఎత్తేయవచ్చు. గొలుసు నేలను ఆనకూడదు. ఆనితే కట్టరు పిడి ఒకటి నేలకు ఆనించి, రెండోదాని మీద కాలు పెట్టి తొక్కడానికి వీలు.

పొలంలో స్తంభం ఎక్కడ దొరుకుతుందంటారా? స్నేహితులతో కలిసి వెళ్ళండి. రెండు సైకిళ్ళను తలా తోకా ఎదురెదురుగా నిలబెట్టి, రెండు ఫ్రేములనూ ఒకే గొలుసుతో బంధించండి. జోడుసైకిళ్ళను మోసుకుంటూ జనంలోంచి పోయేవాణ్ణి ఎవరైనా పలకరిస్తారు.

మూడోది ఆ పది పైసలు. కాపలా ఉన్న స్టాండు కనిపిస్తే డబ్బుకు వెనకాడకండి. చీటీ తీసుకోండి, దాన్ని సైకిలుకు తగిలించిన సంచిలో వదలకండి. చీటీ మీద "పోయిన మాకు బాధ్యత లేదు" అని అచ్చువేసి ఉంటే అధైర్యపడనక్కరలేదు. పుచ్చుకున్న వస్తువును తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను చెబుతోంది. ఢిల్లీలో ఒక పెద్ద హోటలు వాళ్ళు తమకు అప్పగించిన కారు పోగొట్టి, అలాంటి చీటీనే అడ్డుపెట్టుకున్నారు. తమ అశ్రద్ధ వల్ల పోయినప్పుడు చీటీ చూపించి తప్పుకోవడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. కాపలాదారుతో తగవు పడమని కాదు, అతని పనికి విలువ ఉందని చెప్పడానికి ఈ మాట.

నాలుగోది సాయిబు సూత్రం. సైకిలును కాస్త వికారం చేయండి. పేరు రాయండి. వెలిసిపోని రంగుపట్టీ చుట్టండి. చూడగానే 'ఇది ఫలానావారి సైకిలు' అని తెలియాలి.

ఇన్ని చేసినా పోతే? దగ్గరున్న పోలీసుస్టేషనులో వెంటనే ఫిర్యాదు ఇవ్వండి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, పోలీసులు తామే కేసు కట్టదగిన (కాగ్నిజబుల్) నేరమైతే, అది తమ పరిధిలో జరగలేదన్న కారణంతో ఏ స్టేషనువారూ ఫిర్యాదు కాదనకూడదు. ఇంకొక విశేషం ఉంది. పోయినదాని విలువ 5,000 రూపాయలకు లోపై, దొంగకు అది మొదటి శిక్ష అయి, అతను సొత్తునుగాని దాని విలువనుగాని తిరిగి ఇస్తే, అతనికి జైలు బదులు సమాజసేవ శిక్షగా వేస్తారు. నాకు ఈ ఏర్పాటు నచ్చింది. నలభై గజాలు తొక్కినవాణ్ణి కదా!

కాని కొనేవారి విషయంలో నాకు అంత దయ లేదు. రసీదు లేని సైకిలు సగం ధరకు వచ్చిందని సంబరపడేవాళ్ళు లేకపోతే, దొంగ దాన్ని ఏం చేసుకుంటాడు? దొంగసొత్తని తెలిసి కొన్నవారికి మూడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. అది ఎవరి నాన్నగారిదో, ఆయన ఎన్ని మైళ్ళు నడుస్తున్నాడో, కొనేముందు ఒక్కసారి ఆలోచించాలి.

మా మనవడి సైకిలు ఫ్రేముకు నేనే పసుపుపచ్చ పట్టీలు చుట్టి, ఇంటిపేరు పెద్ద అక్షరాలతో రాశాను. "తాతయ్యా, స్నేహితులు నవ్వుతారు!" అని వాడు ముఖం ముడుచుకున్నాడు. మర్నాడు పొద్దున సైకిలుతోనే తిరిగి వచ్చాడు. "నవ్వారా?" అని అడిగాను. "నవ్వారు. కాని చీకట్లో అందరూ వెతుక్కుంటుంటే, మనది దూరం నుంచే కనిపించింది" అన్నాడు.

అందుచేత ఈ పేజీ చదవడం కాగానే లేచి, మీ సైకిలు బోర్లా తిప్పి ఆ నంబరు రాసుకోండి. కథల సంగతి తరవాత చూసుకోవచ్చు.

నేను మాత్రం ఇప్పటికీ పాత నల్ల సైకిలు ఎక్కడ కనిపించినా ఆగి, వంగి, ఇరుసు అడుగున చూస్తాను. ఒక్కోదానికి నంబరు స్పష్టంగానే కనిపిస్తుంది. కాని ఏం లాభం? మా సైకిలు నంబరెంతో నాకు తెలియదు కదా!