పనసకాయలాంటి బాక్సులో ఎన్ని లీటర్లు?

మొన్న ఆదివారం కోయంబత్తూరు పీళమేడులో మా పక్కింటి కుర్రాడు ఒక నల్లటి ఫైబర్‌గ్లాస్ బాక్సును చంకన పెట్టుకొచ్చి మా వసారాలో దించాడు. ఒక పక్క ఉబ్బు, ఒక పక్క నొక్కు, అడుగున వంపు. అచ్చం పనసకాయే. కారు డిక్కీలో ఎడమ మూల, చక్రం పైనుండే ఉబ్బును కౌగిలించుకునేట్టు పోతపోయించాడట. "మామా, టేపు ఇస్తారా? దీంట్లో ఎన్ని లీటర్లు పడుతుందో చూడాలి" అన్నాడు.

వాడు బిగించబోయేది 10 అంగుళాల సబ్‌వూఫర్. పాటలో మృదంగం ఎడమవైపు, డోలు, బేస్ గిటారు, అంటే చెవి కన్నా ఛాతీకి ముందు తగిలే మంద్ర శబ్దాలను మాత్రమే పలికే స్పీకరు. దానితో వచ్చిన కాగితంలో బాక్సు లోపల 1.25 ఘనపుటడుగుల గాలి ఉండాలని రాసుంది. ఘనపుటడుగంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న చోటు. మన లెక్కలో 28.3 లీటర్లు. కాబట్టి వాడికి కావలసింది 35.4 లీటర్లు. ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్లతో చెప్పాలంటే రెండు క్యాన్లకు కాస్త తక్కువ.

గాలిని ఇంత కచ్చితంగా కొలవాలా అని మీకు అనిపించవచ్చు. సైకిల్ పంపు మూతిని బొటనవేలితో మూసి నొక్కి చూడండి. లోపలి గాలి స్ప్రింగులా ఎదురుతంతుంది. చోటు చిన్నదైతే స్ప్రింగు బిగుతు, పెద్దదైతే మెత్తన. స్పీకరు ముందుకూ వెనక్కూ ఊగేటప్పుడు దాని వీపు ఆనుకునేది ఈ గాలి స్ప్రింగునే. పూర్తిగా మూసేసిన బాక్సులో పదిశాతం అటూ ఇటూ అయినా చాలామంది చెవులు పట్టుకోలేవు. వీడి బాక్సు ఆ రకం కాదు, దానికి గొట్టం ఉంది. పోర్టు అంటారు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక శ్రుతి పలుకుతుంది కదా, ఈ గొట్టం పనీ అదే. సీసాలో కాసిని నీళ్లు పోసి ఊదితే శ్రుతి పైకి పోతుంది. లోపలి గాలి తగ్గిందన్నమాట.

టేపు మోసం చేసేది ఇక్కడే. బాక్సు అతి పొడవైన చోట 60 సెంటీమీటర్లు, వెడల్పు 45, ఎత్తు 25. గుణిస్తే 67,500 ఘన సెంటీమీటర్లు. వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు, అంటే 67.5 లీటర్లు. వంపులకని కుర్రాడు కొంత కొట్టేసి 60 అని రాసుకున్నాడు. గొట్టాన్ని సెకనుకు 42 కంపనాలకు, అంటే 42 హెర్ట్జ్‌కు పలికేట్టు, ఆ 60 లీటర్ల లెక్కతోనే కోయబోతున్నాడు. అసలు చోటు 38 లీటర్లే అయితే అదే గొట్టం 53 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. సంగీతం నేర్చినవాళ్లకు ఒక్క మాట చాలు: షడ్జమం పలకాల్సిన చోట అంతర గాంధారం పలుకుతుంది. ఏ పాట పెట్టినా ఆ ఒక్క స్వరమే గుంయ్‌మంటుంది.

చదరపు బాక్సుకైతే ఈ గొడవ ఉండదని అనుకోకండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేసిన 60, 40, 30 సెంటీమీటర్ల పెట్టెను బయటినుంచి కొలిస్తే 72 లీటర్లు. లోపలినుంచి కొలిస్తే 54. ఇంచుమించు ఒక నీళ్ల క్యానును చెక్కే మింగేసింది.

1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు దేశంలో తొలి విద్యుత్ మోటారును తయారుచేసిన ఊరు కోయంబత్తూరు. మోటారైనా పంపైనా విప్పి చూడందే ఇక్కడివాళ్లకు నిద్రపట్టదు. అలాంటి ఊళ్లో పుట్టి బయట టేపు పెట్టడమేమిట్రా, లోపల ఏదైనా పోసి చూడు అన్నాను. సాంబారు గిన్నె ఎంత పడుతుందో మీ అమ్మ టేపుతో కొలుస్తుందా?

నీళ్లు పోస్తే లెక్క తేలిక. లీటరు నీళ్లు కిలో. కాకపోతే నలభై లీటర్లంటే నలభై కిలోలు, ఎత్తి ఒంపేటప్పుడు నడుముకు తెలుస్తుంది. ప్లైవుడ్, ఎండిఎఫ్ బాక్సుల్లో మాత్రం నీళ్లు వద్దు, చెక్క ఉబ్బి అతుకులు విడిపోతాయి. బాగా ఆరిన ఫైబర్‌గ్లాసుకు ఫరవాలేదు. పైగా ఎక్కడ చెమ్మ కారిందో అక్కడ గాలి కూడా పోతుందని ఉచితంగా తెలుస్తుంది.

వీడి బాక్సుకు పైన చెక్క చట్రం ఉంది. అందుకని బియ్యం అనుకున్నాం. లీటరు బియ్యం సుమారు 800 గ్రాములు తూగుతుంది కాబట్టి 25 కిలోల బస్తా 31 లీటర్ల చోటు నింపుతుంది. వాళ్లమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "ఆ ఫైబరు పొడి నా బియ్యంలో పడితే ఆ అన్నం నీకే పెడతా" అంది. ఆమె చెప్పిందే సబబు. చివరికి పాత బీన్‌బ్యాగు విప్పి థర్మోకోల్ పూసలు తీశాం. ఫ్యాను ఆపి మరీ పొయ్యాలి, లేకపోతే సగం పూసలు జుట్టులో ఉంటాయి.

కొలపాత్ర సంగతి తేల్చాకే పొయ్యడం మొదలుపెట్టండి. మా అవ్వ నాటి ఇత్తడి పడి ఇంట్లో ఉంది, కానీ పడి ఊరికొక తీరు. రెండు లీటర్లని ముద్ర వేసిన స్నానాల మగ్గునూ నమ్మలేం. దాన్ని వంటింటి త్రాసు మీద పెడితే ఖాళీగా 150 గ్రాములు, అంచుదాకా నీళ్లతో 2 కిలోల 350 గ్రాములు. అంటే పట్టేది 2.2 లీటర్లు. బాక్సు నిండడానికి పందొమ్మిదిన్నర మగ్గులు పట్టాయి. ముద్రను నమ్మితే 39 లీటర్లు, త్రాసును నమ్మితే 43. ఇంకొకటి, మగ్గులో పూసల్ని అదమకూడదు. పైన స్కేలుతో సమంగా గీసి, ప్రతిసారీ ఒకే తీరున పొయ్యాలి. ఒక మగ్గు అదిమి, ఇంకొకటి వదులుగా పోస్తే లెక్క పోయినట్టే.

ఇంకా బాక్సు చేయించనివాళ్లు డిక్కీలో ఆ మూలను ఐదేసి సెంటీమీటర్ల ఎత్తుకు ముల్లంగి చక్రాల్లా ఊహించుకుని, ఒక్కో పొర వైశాల్యాన్ని ఐదుతో గుణించి కూడుకోవచ్చు. అంచనాకు అది చాలు.

ఆ 43 లీటర్లూ స్పీకరుకు దక్కుతాయా అంటే, దక్కవు. మదురైలో 1645లో తిరుమల నాయకుడు తవ్వించిన తెప్పకుళం చూశారు కదా. సుమారు 305 మీటర్లు ఒక వైపు, 290 మీటర్లు ఇంకో వైపు. అక్కడ టేపు చాలు: ఒక్క 30 సెంటీమీటర్ల నీళ్లు నిలిచినా 2 కోట్ల 65 లక్షల లీటర్లు, అంటే 13 లక్షల క్యాన్లు. అయితే నడిమధ్య మండపం ఉంది. అది కూర్చున్న చోట నీళ్లుండవు. మన కోయంబత్తూరు గ్రైండరు డ్రమ్ములో రాళ్లున్న చోట పిండి ఉండదు, అదీ ఇంతే. బాక్సులో స్పీకరు వీపునున్న అయస్కాంతం, బుట్ట కలిపి 1.5 లీటర్లు. ఈ అంకె స్పీకరు కాగితంలోనే ఉంటుంది, దాన్ని నీళ్లలో ముంచి చూడకండి. గొట్టం బయటి వ్యాసం 11, లోపలికి దిగే పొడవు 30 సెంటీమీటర్లు, దానికి 2.9 లీటర్లు. గొట్టం కడుపులో ఉన్న గాలి కూడా బాక్సు లెక్కలోకి రాదు, అందుకే బయటి వ్యాసం తీసుకోవాలి. బలానికి పెట్టిన అడ్డకర్రకు 0.6. మొత్తం 5 పోగా మిగిలింది 38.

కావలసింది 35.4. అంటే 2.6 లీటర్లు ఎక్కువ. ఇది అదృష్టమే, తక్కువైతే బాక్సు కోసి మళ్లీ పొయ్యాల్సి వచ్చేది. దిండ్లలో పెట్టే పాలిస్టర్ దూదిని మూసిన బాక్సులో కూరితే అది పది, ఇరవై శాతం పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. నొక్కుడుకు వేడెక్కే గాలి నుంచి ఆ వేడిని పీచు లాక్కుంటుంది, స్ప్రింగు మెత్తబడుతుంది. గొట్టమున్న బాక్సులో ఆ కిటుకును నమ్ముకోకూడదు. ఎక్కువైనప్పుడు మాత్రం 20, 13, 10 సెంటీమీటర్ల గట్టి చెక్కదిమ్మ ఒకటి అతికిస్తే సరిగ్గా 2.6 లీటర్లు తగ్గుతాయి. ఖాళీ నూనె డబ్బా పెడతానన్నాడు కుర్రాడు. వద్దన్నాను. గాలి ఒత్తిడికి అది ముడుచుకుంటుంది, టకటకమని మోగుతుంది కూడా.

దిమ్మ అతికించాక లోపలి గోడ మీద మార్కరుతో 43 – 5 – 2.6 = 35.4 అని రాయించాను. రెండేళ్లకు స్పీకరు మారుస్తాడు, అప్పుడు మళ్లీ బీన్‌బ్యాగు విప్పక్కర్లేదు. గొట్టాన్ని కొత్త లెక్కతో 30 సెంటీమీటర్లకే కోశాడు. మా వసారాలో పూసలు ఇంకా ఊడుస్తూనే ఉన్నాం.