ప్రభుత్వ డిజిటల్ సేవల్లో తెలుగు: కంటెంట్ డిజైనర్ పని – ఒక పరిశీలన

ప్రభుత్వ సేవను పొందే క్రమంలో పౌరునికి తెర మీద ఎదురయ్యే ప్రతి మాటను, అంటే పేజీ శీర్షికను, గడి పేరును, మీట మీది క్రియను, దోషసందేశాన్ని, అతని అవసరాన్ని బట్టి నిర్ణయించే పనిని కంటెంట్ డిజైన్ అంటారు. బ్రిటన్‌లో 2011లో ఏర్పడిన గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ దీనికి వృత్తిగా గుర్తింపు తెచ్చింది. ఈ పని రాయడంతో కాక, చదువరి ఏం చేయడానికి వచ్చాడో తెలుసుకోవడంతో మొదలవుతుంది. ఒక్కొక్కసారి పేజీని తీసివేయడమే సరైన రచన.

హైదరాబాదులో 1999లో ట్విన్స్ ప్రయోగం, 2001లో ఈ-సేవ వచ్చాయి. 2011లో మీసేవ మొదలైంది. తెలుగును అధికార భాషగా చేసిన చట్టం 1966 నాటిది. అయినా తెర మీది తెలుగు తరచుగా ఆంగ్ల పాఠానికి చివరి దశలో చేసిన అనువాదంగానే కనిపిస్తుంది. 'సబ్మిట్' అన్న ఒక్క మాట 'సమర్పించు' అవుతుంది. ఆంగ్ల క్రియకు గౌరవభేదం లేదు, తెలుగు క్రియకు ఉంది. కార్యాలయంలో గుమాస్తా ఒక వృద్ధునితో "సంతకం చేయి" అంటే అమర్యాద అనుకునే సమాజం తెర మీద అదే రూపాన్ని సహిస్తోంది. 'పంపండి' అంటే సరిపోతుంది. పాఠ్యపుస్తకాల భాష గురించి గిడుగు రామమూర్తి (1863–1940) చేసిన వాదానికి ఈ మీటలు కొత్త రంగస్థలం.

పదాల ఎంపికలో ప్రాంతభేదమూ ఉంది. ఆంధ్ర ప్రాంతపు అడంగల్, తెలంగాణలో పహాణీ. రెండూ పుట్టుకతో తెలుగు కావు, కానీ రైతు నోట నలిగినవి. వాటిని తీసి సంస్కృత సమాసం పెడితే భాష శుద్ధి కావచ్చు. రైతుకు మాత్రం తన కాగితం దొరకదు.

అన్నిటికంటె చిక్కైనది పేరు గడి. ఆంగ్ల పత్రం మొదటి పేరు, చివరి పేరు అడుగుతుంది. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది, తరచుగా ఒక పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. కాబట్టి 'చివరి పేరు' అన్న గడిలో ఒకరు ఇంటిపేరు, మరొకరు తమ సొంత పేరు రాస్తారు. లక్ష్మి అన్న పేరును రోమన్ లిపిలో ఒకచోట 'ఎక్స్'తో, మరొకచోట 'కె-ఎస్-హెచ్'తో రాస్తే యంత్రానికి ఇద్దరు మనుషులు. అక్కడ పింఛను ఆగవచ్చు. "వివరాలు సరిపోలలేదు" అన్న సందేశం ఆమెకు ఏ దారీ చూపదు. ఏ రెండు పత్రాల్లో పేరు తేడాగా ఉందో, దేన్ని ఎక్కడ సరిచేయించుకోవాలో చెప్పే రెండు వాక్యాలు అక్కడ ఉండాలి. గడికి 'ఇంటిపేరు', 'పేరు' అని నేరుగా పేర్లు పెడితే చిక్కు కొంత మొదట్లోనే తీరుతుంది.

ఇలాంటి భాషను వినడానికి పంజాగుట్ట అనువైన చోటు. నిమ్స్ ఆసుపత్రికి అనేక జిల్లాల రోగులు వస్తారు. వారి నోట 'ఓపీ' ఉంటుంది గాని 'బాహ్యరోగి' ఉండదు. దగ్గరలోని ప్రజాభవన్‌లో 2023 డిసెంబరులో మొదలైన ప్రజావాణికి జనం తమ గోడును కాగితం మీద పెట్టుకొని వస్తారు. ఆ అర్జీల్లోని క్రియలు, సంబోధనలు, భూమి మాటలు ఏ పారిభాషిక పదకోశంలోనూ ఒకచోట దొరకవు.

అక్కడికి కూతవేటు దూరంలోని అమీర్‌పేట మైత్రీవనం పరిసరాలు సాఫ్ట్‌వేర్ శిక్షణకు పేరుపొందాయి. జావా, టెస్టింగ్ నేర్చుకునేవారిలో తెలుగు మాధ్యమంలో చదువుకున్న గ్రామీణ విద్యార్థులూ ఉంటారు. మాండలికం, గౌరవవాచకం, వాక్యనిర్మాణం చదివిన తెలుగు ఎం.ఏ. విద్యార్థికీ ఈ రంగంలో పని ఉందన్నది మాత్రం అక్కడి బోర్డులకూ, విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలకూ ఇంకా పట్టినట్టు లేదు. అనువాద అధ్యయనాల పత్రంలో ఒక దరఖాస్తును తిరగరాయించడం కష్టమైన పనేమీ కాదు.

తిరగరాసినదాన్ని పరీక్షించే పద్ధతీ తేలికే. ఆ పాఠాన్ని దరఖాస్తుదారుని చేతికి ఇవ్వాలి. "అర్థమైందా?" అని అడిగితే మొహమాటంతో అయిందనే అంటారు. అడగవలసిన ప్రశ్న "ఇది చదివాక ఇప్పుడు మీరేం చేస్తారు?" అన్నది.